ఎకరం పరిమితి ఎగిరిపోయిన నవంబరు

కాలిఫోర్నియాలో గంజాయి చట్టబద్ధత గురించి రాసేవాళ్లంతా 2016 నవంబరు 8 దగ్గర ఆగిపోతారు. ఆ రోజు, గంజాయిని చట్టబద్ధం చేయాలంటూ నేరుగా ఓటర్ల ముందు పెట్టిన 64వ ప్రతిపాదనకు 57 శాతం ఓట్లు పడ్డాయి. 21 ఏళ్లు నిండినవాళ్లు 28.5 గ్రాముల దాకా దగ్గర ఉంచుకోవచ్చు, ఇంటికి ఆరు మొక్కలు పెంచుకోవచ్చు. ఉద్యమం గెలిచింది, కథ కంచికి చేరింది అనుకున్నారు. అసలు కథ నడిచింది ఆ మరుసటి ఏడాది, 2017 నవంబరులో. అప్పుడు ఓటింగూ లేదు, సభలో చర్చా లేదు. రాష్ట్ర వ్యవసాయ శాఖ విడుదల చేసిన అత్యవసర నిబంధనల్లోంచి, ఒకరి సాగు మొత్తం ఎకరం దాటకూడదన్న పరిమితి మాయమైంది, అంతే. కొద్ది రోజుల ముందు అదే శాఖ తెచ్చిన పర్యావరణ నివేదికలో ఆ పరిమితి ఉంది. నిబంధనల్లోకి వచ్చేసరికి లేదు. మూడు దశాబ్దాల పాటు పోలీసు హెలికాప్టర్లను తట్టుకుని నిలబడ్డ చిన్న రైతు అక్కడ పడ్డాడు, ఇక లేవలేదు.

వెనకటి సంగతులు చాలామందికి తెలిసినవే. గంజాయి వాడకం నేరం కాదనాలన్న ప్రతిపాదనను 1972లో ఓటర్లు కాదన్నారు. 1975లో చట్టసభ శిక్ష తగ్గించి, ఔన్సు (సుమారు 28 గ్రాములు) లోపు దొరికితే 100 డాలర్ల జరిమానాతో సరిపెట్టింది. 80ల్లో శాన్ ఫ్రాన్సిస్కోను ఎయిడ్స్ కమ్మేసినప్పుడు, అన్నం సయించక చిక్కిపోతున్న రోగుల కోసం డెన్నిస్ పెరోన్ లాంటివాళ్లు వీధికెక్కారు. ఆస్పత్రి వార్డుల్లో గంజాయి కలిపిన బ్రౌనీలు పంచిన 'బ్రౌనీ మేరీ'ని అరెస్టు చేసి పోలీసులే ఆమెను ఇంటింటికీ పరిచయం చేశారు. ఆ ఊపులోనే 1996లో 215వ ప్రతిపాదన గెలిచి, వైద్య అవసరానికి గంజాయిని అనుమతించిన మొదటి రాష్ట్రంగా కాలిఫోర్నియా నిలిచింది. 2005లో సుప్రీంకోర్టు, రాష్ట్రం ఒప్పుకున్నా కేంద్రం కేసు పెట్టొచ్చని తేల్చింది. 2010లో పూర్తి చట్టబద్ధత కోసం పెట్టిన 19వ ప్రతిపాదన ఓడిపోయింది. ఆరేళ్ల తర్వాత గెలుపు.

ఆ గెలుపును ఇన్నాళ్లూ మోసింది ఉత్తరాన హంబోల్ట్, మెండొసీనో, ట్రినిటీ కౌంటీల కొండ రైతులు. 1983 నుంచి ప్రతి వేసవిలోనూ 'క్యాంప్' పేరుతో హెలికాప్టర్ దాడులు జరిగేవి. చెట్ల నీడన నాలుగేసి మొక్కలు పెట్టుకుని, వాటితోనే పిల్లల్ని చదివించుకున్న కుటుంబాలు అక్కడ వేలల్లో ఉన్నాయి. ఓట్ల ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి చెప్పిన మాట ఒక్కటే: మొదటి ఐదేళ్లు పెద్ద సాగుకు లైసెన్సు ఇవ్వం, ఈ పరిశ్రమ చిన్న, మధ్యతరహా వాళ్లదే. ఆ హామీ చట్టం లోపలే రాసి ఉంది. పెద్ద లైసెన్సులు 2023 జనవరి 1 దాకా ఇవ్వకూడదు.

శాఖ ఆ వాక్యం జోలికి పోలేదు. దాని పక్కనుంచి దారి తీసింది. ఆరుబయట సాగుకు 'చిన్న' లైసెన్సు అంటే 10,000 చదరపు అడుగులు. మన లెక్కలో దాదాపు 23 సెంట్లు. 'మధ్య' లైసెన్సు ఎకరం దాకా, అది అప్పట్లో మనిషికి ఒకటే. మరి చిన్న లైసెన్సులు ఒకరికి ఎన్ని ఇవ్వొచ్చు? నిబంధనల్లో దీనికి హద్దు లేదు. 20 ఎకరాలు కావాలా? 87 చిన్న లైసెన్సులకు దరఖాస్తు పెట్టుకుంటే సరి. కాగితం మీద 87 మంది చిన్న రైతులు, పొలంలో ఒక కంపెనీ. దక్షిణాన శాంటా బార్బరా కౌంటీలో జరిగింది ఇదే. నిన్నటిదాకా పూలు పెంచిన గ్రీన్‌హౌసుల్లో, ద్రాక్షతోటల పక్క చదును నేలల్లో ఒక్కో సంస్థ పదుల కొద్దీ లైసెన్సులు పేర్చుకుంది. 2018 జనవరిలో రైతు సంఘం కోర్టుకు వెళ్లింది. మరుసటి ఏడాది కేసు వదులుకుంది. 2023లో పెద్ద లైసెన్సుకు గడువు తీరేసరికి ఆ గడువుకు అర్థమే మిగల్లేదు.

ఇక పన్ను. విస్తీర్ణం పెద్దవాళ్లకు తలుపు తెరిస్తే, పన్ను చిన్నవాళ్లను బయటికి నెట్టింది. 2018 నుంచి ఎండిన పూతకు ఔన్సుకు 9.25 డాలర్ల సాగు పన్ను వేశారు. అది ధర మీద కాదు, బరువు మీద! పైగా ద్రవ్యోల్బణంతో పాటు పెరిగేలా రాశారు. 2022 నాటికి 10.08 డాలర్లయింది. పౌనుకు 16 ఔన్సులు కాబట్టి పౌనుకు 161 డాలర్లు. పౌను 1,100 డాలర్లు పలికిన రోజున అది 15 శాతం. 400 పలికిన రోజున 40 శాతం. 2021 పంట చేతికొచ్చేసరికి దక్షిణాది ఎకరాల సరుకు మార్కెట్‌ను ముంచెత్తి ధర కుప్పకూలింది, పన్ను మాత్రం ఎక్కింది. 23 సెంట్లలో 500 పౌన్లు తీసిన రైతు, ఎంతకు అమ్ముకున్నా, 80 వేల డాలర్లు సర్కారుకు కట్టాలి. దీనిపైన హంబోల్ట్ కౌంటీ ఆరుబయట సాగుకు చదరపు అడుగుకు డాలరు చొప్పున సొంత పన్ను వేసింది. అంటే 23 సెంట్లకు మరో 10 వేలు. సాగు పన్నును 2022 జులై 1న ఎత్తేశారు. కానీ అప్పటికే హంబోల్ట్ కొండల్లో చాలామంది గేట్లకు తాళాలు వేసుకుని వెళ్లిపోయారు.

నీళ్ల సంగతి దగ్గరనుంచి చూడాలి, ఎందుకంటే బయటివాళ్లకు ఇది అర్థం కాదు. కొండ రైతుకు బోరు ఉండదు, ఊటో చిన్న వాగో ఉంటుంది. సాల్మన్ చేపల్ని కాపాడటానికి నీటి బోర్డు పెట్టిన షరతు ప్రకారం ఏప్రిల్ 1 నుంచి అక్టోబరు 31 దాకా వాగులోంచి చుక్క తీయకూడదు. ఆరుబయట పంట మే, జూన్‌లలో నాటితే అక్టోబరులో కోతకొస్తుంది. అంటే పంటకాలమంతా నిషేధ కాలమే. చలికాలం వానల్లో నీళ్లు పట్టి, పంట మొత్తానికీ సరిపడా ట్యాంకుల్లోనో చెరువులోనో నిలవ చేసుకోవాలి. అందుకు నీటి బోర్డు దగ్గర నమోదు, వాగు దాటే బాటల కింద తూములు మార్చడానికి వన్యప్రాణి శాఖతో విడిగా ఒప్పందం, మట్టి కొట్టుకుపోకుండా ఇంజనీరు వేసిన ప్లాను ఉండాలి. షరతు మంచిదే. చేపలు బతకాలి. కానీ 23 సెంట్లకైనా 20 ఎకరాలకైనా ఇంజనీరు ఫీజు, దరఖాస్తు కట్ట ఇంచుమించు ఒకటే. చదును నేలలో బోరు ఉన్న కంపెనీకి ఈ తిప్పల్లో సగం లేవు.

పంట చేతికొచ్చాక కూడా రైతు దాన్ని తన గేటు దగ్గర అమ్ముకోలేడు. పూతకొచ్చిన ప్రతి మొక్కకూ ట్రాకింగ్ ట్యాగు కట్టాలి. కోసిన వెంటనే పచ్చి బరువు తూచి, కంప్యూటర్లో ఎక్కించాలి. చల్లని చీకటి గదిలో రెండు వారాలు వేలాడదీసి ఆరబెడితే పచ్చి బరువులో ముప్పాతిక పోతుంది. ఆ తరుగూ లెక్కలో కనపడాలి. తర్వాత డిస్ట్రిబ్యూటర్ చేతికి ఇవ్వాలి. అతను 50 పౌన్లకు మించకుండా బ్యాచ్‌లు కట్టించి ల్యాబ్‌కు నమూనా పంపిస్తాడు. 66 పురుగుమందులు, సీసం, పాదరసం, ఆర్సెనిక్, కాడ్మియం, బూజు విషాలు చూస్తారు. పక్క తోటలో కొట్టిన మందు గాలికి వచ్చి పడినా బ్యాచ్ మొత్తం ఫెయిలే. నెగ్గితే సరుకు దుకాణానికి, డబ్బు మాత్రం అరువు. దుకాణం వాడి దగ్గరా లేదు మరి. కేంద్ర ఆదాయపన్ను చట్టంలోని 280ఈ సెక్షన్ ప్రకారం అద్దె, జీతాలు ఖర్చు కింద చూపించుకునే వీల్లేదు. బ్యాంకు అప్పు పుట్టదు. దుకాణం డిస్ట్రిబ్యూటర్‌కు ఎగ్గొడితే, డిస్ట్రిబ్యూటర్ రైతుకు ఎగ్గొట్టాడు. గొలుసులో అడుగున ఉన్నవాడికి ఎగ్గొట్టడానికి ఎవరూ మిగల్లేదు.

దుకాణాలైనా చాలినన్ని ఉన్నాయా అంటే, అదే 64వ ప్రతిపాదన దుకాణాలను నిషేధించే హక్కు ప్రతి నగరానికీ, కౌంటీకీ ఇచ్చింది. సగానికి పైగా ఆ హక్కును వాడుకున్నాయి. అమ్మే చోటు ఇరుకు, పండించే చోటు అపరిమితం. ధర పడక ఏం చేస్తుంది? లైసెన్సు లేని మార్కెట్ బతికి బట్టకట్టింది కూడా ఇందుకే.

ఫ్రీమాంట్‌లో, శాన్ హోసేలో ఉన్న మనవాళ్లకు ఒక మాట ఇక్కడే చెప్పాలి. రాష్ట్రంలో చట్టబద్ధమైనా కేంద్ర చట్టంలో అది నేరమే. 2019 ఏప్రిల్‌లో కేంద్ర పౌరసత్వ విభాగం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు లైసెన్సున్న గంజాయి దుకాణంలో పనిచేసినా సత్ప్రవర్తన లేదని పౌరసత్వం నిరాకరించవచ్చు. వీసా మీద ఉన్నవాళ్లు వాడానని ఒప్పుకున్నా చిక్కే. ఓటర్లు ఇచ్చిన హక్కు ఇంకో శాఖ మార్గదర్శకం ముందు ఆగిపోవడం అంటే ఇదే.

దీన్నంతా మార్కెట్ సహజ ధర్మం అని కొట్టిపారేసేవాళ్లున్నారు. ఏ పంటైనా నేరం ముసుగు తీసేస్తే ధర పడుతుంది, ధర పడితే పెద్ద కమతం నిలుస్తుంది, వినియోగదారుడికి చవకగా, పరీక్షించిన సరుకు దొరుకుతుంది, పాత కేసులు కూడా 2018 చట్టంతో రద్దవుతున్నాయి కదా అంటారు. కేసుల రద్దు నిజంగా గొప్ప పనే, దానికి చేతులెత్తి మొక్కాలి. మిగతాది ఒప్పుకోను. ధర తనంతట తాను పడలేదు. ఎకరం పరిమితి ఉండి ఉంటే సరఫరా అంత వేగంగా పెరిగేది కాదు, పన్ను అమ్మకం విలువ మీద ఉండి ఉంటే ధర పడిన ఏడాది రైతుతో పాటే పన్నూ తగ్గేది. ఈ రెండూ అధికారులు, చట్టసభ చేతిలో ఉన్న మీటలు. రెండూ ఒకే దిక్కుకు నొక్కారు.

చట్టం మీద ఏళ్ల తరబడి కొట్లాడి, నిబంధనల గెజిట్ వచ్చిన రోజు నిద్రపోవడం మనకూ అలవాటే. మత్తు పదార్థాల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టమే తీసుకోండి. గంజాయి అంటే పదేళ్లు జైలు అనే మాటే అందరికీ తెలుసు. అదే చట్టంలో 10వ సెక్షన్ సాగుకు అనుమతులిచ్చే అధికారం రాష్ట్రాలకు ఇచ్చిందనీ, 14వ సెక్షన్ నార కోసం, గింజ కోసం సాగుకు దారి వదిలిందనీ ఎంతమంది చదివారు? ఆ దారిలోనే ఉత్తరాఖండ్ 2018లో పారిశ్రామిక హెంప్‌కు, అంటే నార, గింజ కోసం పెంచే మత్తు తక్కువున్న గంజాయి రకానికి, లైసెన్సు ఇచ్చింది. 2024 సెప్టెంబరులో హిమాచల్ అసెంబ్లీ వైద్య, పారిశ్రామిక సాగుకు తీర్మానం చేసింది. మత్తు పదార్థం టీహెచ్‌సీ 0.3 శాతం దాటకూడదన్నది ఉత్తరాఖండ్ షరతు. వినడానికి సులువు. కానీ పూత ముదిరే కొద్దీ టీహెచ్‌సీ పెరుగుతుంది. నమూనా తీసేవాడు వారం ఆలస్యంగా వస్తే నెగ్గాల్సిన పొలం ఓడిపోతుంది. అమెరికా హెంప్ నిబంధనల్లో నమూనాను మొక్క కొసన 5 నుంచి 8 అంగుళాల పూతలోంచే తీస్తారు. మత్తు ఎక్కువగా పేరుకునేది అక్కడే. కాండం, ఆకులతో కలిపి చూస్తే నెగ్గే పంట అలా చూస్తే ఓడుతుంది, ఓడితే ఆ పంట అలాగే మార్కెట్‌కు వెళ్లదు. విత్తనం ఇచ్చినవాడికి పూచీ లేదు, నష్టమంతా రైతుదే.

మన అల్లూరి జిల్లా సంగతి వేరే. అక్కడ 2021లో 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో వేల ఎకరాల గంజాయి తోటలు నరికారు, మరుసటి ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. పెట్టుబడి బయటి వ్యాపారిది, కేసు గిరిజనుడిది. రేపు ఎవరైనా హెంప్ మాట ఎత్తితే ఆ కొండల మీద మొదట వాలేది కాలిఫోర్నియా తరహా కంపెనీయే, స్థానిక పేర్లతో డజన్ల లైసెన్సులు పేర్చుకుని.

హిమాచల్ ముసాయిదాలోనైనా, ఎప్పటికైనా మన దగ్గర వచ్చేదాంట్లోనైనా నాలుగు వాక్యాలు చట్టంలోనే ఉండాలి, అధికారి కలానికి వదలకూడదు. కుటుంబానికి ఎన్ని సెంట్లు, ఆ లెక్క ఎన్ని లైసెన్సులున్నా కలిపే చూడాలి. పన్ను అమ్మిన ధర మీదే, బరువు మీదా విస్తీర్ణం మీదా ఉండకూడదు. నమూనా మొక్క మొత్తంలోంచి తీయాలి, పరిమితి దాటితే విత్తనం సరఫరా చేసినవాడే పరిహారం కట్టాలి. సరుకును గిరిజన సహకార సంస్థ లాంటి ప్రభుత్వ సంస్థ కొనాలి, 15 రోజుల్లో డబ్బు రైతు ఖాతాలో పడాలి. ఈ నాలుగింట్లో ఒక్కటి 'నిబంధనల ద్వారా నిర్ణయించబడును' అని కనిపించినా ఆ బిల్లును వెనక్కి పంపాల్సిందే.