ద్రాక్షారిష్టం

మన భాష ముందుచూపును గురించి ఎవరికైనా అనుమానం ఉంటే 'మందు' అనే మాటను ఒకసారి తలచుకోవాలి. జ్వరానికి మింగే గోళీకీ, సాయంత్రం సీసాలోంచి గ్లాసులోకి దిగే ద్రవానికీ కలిపి ఒకే పేరు పెట్టి, మద్యం ఔషధమా కాదా అని పరిశోధకులు దశాబ్దాలుగా తలలు బద్దలు కొట్టుకుంటున్న సమస్యను తెలుగువాడు ఏనాడో తేల్చేశాడు. ద్రాక్షను పులియబెట్టి చేసి ఆయుర్వేద దుకాణంలో అమ్మే ద్రాక్షారిష్టం సంగతి ఇంకా చిత్రమైనది. సంస్కృతంలో అరిష్టమంటే హాని లేనిదనీ అర్థమే, కీడు అనీ అర్థమే. వాటిలో ఏది పుచ్చుకోవాలన్నది పుచ్చుకునేవాడి చిత్తానికి వదిలేశారు.

హైదరాబాదు మరో అడుగు ముందుకు వేసింది. ఇక్కడ మద్యం దుకాణాన్ని 'వైన్స్' అంటారు. అక్కడ విస్కీ, బ్రాందీ, బీరు అడుగడుగునా ఉంటాయి. వైన్ కావాలంటే మాత్రం కౌంటరులోని కుర్రవాడు మన మొహం ఒకసారి పరీక్షగా చూసి, పై అరలోని సీసా దుమ్ము దులిపి ఇస్తాడు. వైన్స్‌కు వెళ్లేవాడు తాగుబోతు, వైన్ పుచ్చుకునేవాడు ఆరోగ్యం మీద శ్రద్ధ గలవాడు అన్నది నగరంలో స్థిరపడిన అభిప్రాయం. మర్యాదకూ అమర్యాదకూ నడుమ ఉన్నది ఒక్క సకారపు పొల్లు.

కొండాపూర్‌లో ఉండే మా బావగారు ఈ రెండో కోవకు చెందినవారు. బరువు తగ్గకపోతే లాభం లేదని డాక్టరు చెప్పిన నాటి నుంచి ఆయన రాత్రిపూట అన్నం మానేయాలని, ఎర్ర వైన్ మొదలుపెట్టాలని రెండు తీర్మానాలు చేసుకున్నారు. రెండోది ఆ రాత్రే అమలులోకి వచ్చింది, మొదటిది పరిశీలనలో ఉంది. "ఇది తాగుడు కాదోయ్, పథ్యం" అని నాతో చాలా నిదానంగా చెప్పారు.

పథ్యానికి ప్రమాణం ఫ్రాన్సు. వెన్న, జున్ను దండిగా తినే ఫ్రెంచివారికి గుండెజబ్బులు తక్కువగా ఉండడానికి ఎర్ర వైన్ కారణం కావచ్చని 1991లో ఒక అమెరికన్ టీవీ కార్యక్రమం చెప్పగానే అమెరికాలో వైన్ అమ్మకాలు ఎగబాకాయి. ఫ్రెంచివారి కూరగాయల గురించీ, నిదానంగా కూర్చుని కొలతగా తినే అలవాటు గురించీ విన్నవాళ్లెవరూ కూరగాయల దుకాణం ముందు వరుస కట్టినట్టు దాఖలా లేదు.

తర్వాత ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్ అనే పదార్థం వంతు వచ్చింది. 2006లో కొవ్వు మేపిన ఎలుకలకు శరీర బరువులో కిలోకు 22 మిల్లీగ్రాముల చొప్పున రోజూ దీన్ని పెడితే అవి పెట్టనివాటి కంటే ఎక్కువ కాలం బతికాయి. అదే లెక్కన 70 కిలోల మనిషికి రోజుకు ఒకటిన్నర గ్రాములు కావాలి. లీటరు ఎర్ర వైన్‌లో ఉండేది కొద్ది మిల్లీగ్రాములే కనుక, ఎలుక పొందిన మేలు బావగారు పొందాలంటే జలమండలి వారు మంజీరా నీళ్లు ఆపి ఆయన కుళాయికి వైన్ వదలాలి. ఇదే పదార్థంపై పేరు పొందిన ఒక శాస్త్రవేత్త పత్రాల్లో 145 చోట్ల కల్పన కనిపించిందని 2012లో కనెక్టికట్ విశ్వవిద్యాలయమే ప్రకటించింది. ఈ వార్త కొండాపూర్ దాకా రాలేదు. తొక్కే కావాలంటే ద్రాక్షపండు తినవచ్చు కదా అని నేను అన్నాను గానీ, అతిథుల ముందు ద్రాక్షగుత్తిని గ్లాసులో పోసి గిరగిర తిప్పడం కుదరదని ఆయన అభ్యంతరం.

బరువు తగ్గుతుందనడానికీ ఆయన దగ్గర ఆధారం ఉంది. 19,220 మంది అమెరికా మహిళలను దాదాపు 13 ఏళ్లు గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, మితంగా తాగేవారు అసలు తాగనివారి కంటే తక్కువ బరువు పెరిగారు. పెరగడం తక్కువన్నదాన్ని మనవాళ్లు తగ్గడం అని చదువుకున్నారు. అంతకంటే ముఖ్యంగా, తాగిన మేరకు ఆ మహిళలు తిండి తగ్గించుకున్నారన్న వాక్యాన్ని చదవలేదు. మన దగ్గర గ్లాసు ఒంటరిగా రాదు. దాని వెంట మసాలా పల్లీలు, చికెన్ 65, అపోలో ఫిష్ వస్తాయి, వాటిని సాగనంపడానికి బిర్యానీ వస్తుంది.

పైగా కాలేయానికి ఒక పద్ధతి ఉంది: ఆల్కహాలు వచ్చిందంటే ముందు దాని పని చూస్తుంది, ఆ లోపు కొవ్వు కరిగించడం వాయిదా పడుతుంది. గ్రాము ఆల్కహాలులో 7 కేలరీలు ఉంటాయి. 150 మిల్లీలీటర్ల గ్లాసుకు సుమారు 125, సీసా మొత్తానికి 600 పైచిలుకు. తార్నాకలో సొంత జాతీయ పోషకాహార సంస్థ ఉన్న నగరం మనది. ఆ సంస్థ 2024లో 17 మార్గదర్శకాలతో పుస్తకం వేసి, రోజూ పళ్లెంలో ఏవేవి ఎంతెంత ఉండాలో బొమ్మ గీసి మరీ చూపింది. పళ్లెం పక్కన వైన్ గ్లాసు గీయడం మరచిపోయినందుకు బావగారు ఆ సంస్థను క్షమించలేదు. ఆల్కహాలు క్యాన్సర్ కారకమని 1980లలోనే తేలిందనీ, ఇంత వరకు పరవాలేదని చెప్పదగిన మోతాదే లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్నదనీ చెబితే, "వాళ్లన్నది విస్కీ గురించి" అని సర్దిచెప్పారు.

ఆ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ శనివారం సాయంత్రం వైన్స్ నుంచి ఒక క్వార్టర్ విస్కీ తెచ్చుకుంటాడు. బావగారు అతనికి ప్రతి శనివారం కుటుంబం గురించీ, కాలేయం గురించీ హితబోధ చేసి, పైకి వెళ్లి తన సీసా తెరుస్తారు. నేను కాగితం మీద లెక్క వేశాను. 42.8 శాతం విస్కీ 180 మిల్లీలీటర్లలో ఉండే ఆల్కహాలు దాదాపు 61 గ్రాములు, 12.5 శాతం వైన్ 750 మిల్లీలీటర్లలో 74 గ్రాములు. అక్కయ్య ఆ కాగితాన్ని ఫ్రిజ్‌కు అంటించింది. మర్నాడు అది కనిపించలేదు.

ఆదివారం పొద్దున ఖాళీ సీసాలు తీసుకుపోవడానికి వచ్చిన వాచ్‌మన్ ఒకదాన్ని వెలుగుకు పెట్టి తిప్పి చూసి, "ఇది ఆరోగ్యానికంట గద సార్, ఇంగ్లీషుల ఏం రాసిండ్రు దీని మీద?" అని అడిగాడు. బావగారు కళ్లజోడు పెట్టుకుని ద్రాక్ష రకం, పంట సంవత్సరం, తోట పేరు ఉత్సాహంగా చదివి వినిపించారు. కింద సన్నటి అక్షరాల్లో ఏముందని అతను మళ్లీ అడిగితే, అంత చిన్నవి తన కంటికి ఆనడం లేదన్నారు.

"గది నాకెరుకే సార్. మా క్వార్టర్ మీద గూడ గదే ఉంటది" అని అతను సంచి భుజాన వేసుకుని లిఫ్టు వైపు నడిచాడు.