ఫైటర్ పోగొట్టుకున్న కోట

తలా ఒక పాత్ర ధరించి, పాచికలు వేస్తూ కథ నడిపించే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్. దాన్ని ఆడేవారి మధ్య ఫైటర్ (ఆయుధాలతో పోరాడే యోధుడు) గొప్పా, విజార్డ్ (మంత్రగాడు) గొప్పా అన్న వాదన మొదలైతే, పోరాటంలో ఒక రౌండులో ఎవరు శత్రువుకు ఎంత డ్యామేజ్ (గాయం) చేస్తారన్న లెక్క దగ్గరికే చివరికి చేరుతుంది. 2024లో సవరించిన నియమాలు వచ్చాక ఈ లెక్కలు మరింత జోరందుకున్నాయి. ఆయుధాలకు మాస్టరీ గుణాలు చేరడంతో, దెబ్బతో పాటే శత్రువును పడగొట్టడం, వెనక్కి నెట్టడం ఫైటర్‌కు సాధ్యమయ్యాయి కాబట్టి రెండు పాత్రలూ ఇక సరితూగినట్టేనని చాలామంది తీర్పు చెప్పేశారు. ఆ తీర్పు తప్పని నా నిశ్చితాభిప్రాయం. పాత్ర బలాన్ని డ్యామేజ్‌తో కొలవడమే అసలు పొరపాటు. డంజన్ మాస్టర్ (ఆటను నడిపి తీర్పులు చెప్పే వ్యక్తి) దయతలచనవసరం లేకుండా, నియమాలు తనకిచ్చిన హక్కుతో, ఒక పాత్ర కథను ఎన్ని దారుల్లోకి మళ్లించగలదన్నదే సరైన కొలత.

ఈ కొలతతో తొమ్మిదో లెవెల్ (అనుభవంతో ఎక్కే మెట్టు) పాత్రలు రెండింటిని పక్కపక్కన నిలబెట్టి చూడండి. విజార్డ్ అప్పటికే ఎగరగలడు, ఎదుటివారి ఆలోచనలు చదవగలడు, ముడిసరుకు ఉంటే పది నిమిషాల్లో వంతెన కట్టగలడు, ఎక్కడో దూరాన ఉన్న మనిషిని ఉన్నచోటు నుంచే కనిపెట్టగలడు, తనకు గుర్తు తెలిసిన మంత్రవలయం ఏ నగరంలో ఉన్నా మిత్రబృందంతో సహా అక్కడికి చేరగలడు. ఇవన్నీ పుస్తకంలో అచ్చయిన హక్కులు. వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫైటర్ తన వంతు వచ్చినప్పుడు రెండుసార్లు కొడతాడు. పదకొండో లెవెల్‌లో మూడుసార్లు, ఇరవైలో నాలుగుసార్లు కొడతాడు. మిగతా పనులకు పాచిక వేసి, ఆపైన ఏం జరుగుతుందోనని డంజన్ మాస్టర్ ముఖం చూడాలి. ఒకసారి మేం నది అవతలి కోటను పట్టుకోవలసి వచ్చినప్పుడు, విజార్డ్ ఆటగాడు ముప్పావు గంట పాటు ఒక మంత్రం తర్వాత మరో మంత్రంతో కథంతా నడిపించాడు. ఫైటర్ ఆడుతున్న మిత్రుడు అంతసేపూ పాచికలు చేతిలో పట్టుకుని, పోరాటం ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నాడు. పోరాటంలో అతడు మా అందరికంటే ఎక్కువ డ్యామేజ్ చేశాడు, నిజమే. కానీ ఆ ముప్పావు గంటను అతడికి ఏ డ్యామేజ్ తిరిగి ఇస్తుంది?

మంత్రశక్తి మామూలు మనిషి కండబలం కంటే మిన్నగా ఉండటమే ఈ లోకపు ధర్మమని, ఆట జట్టుగా ఆడేదే కాబట్టి పోలిక అనవసరమని, 2008 నాటి నాలుగో ఎడిషన్ అన్ని పాత్రలనూ సమానం చేయబోతే ఆటగాళ్లే మెచ్చలేదని అవతలి పక్షం అంటుంది. మూడో మాటలో కొంత సత్యం ఉంది. అయితే ఆ ఎడిషన్ చేసిందేమిటి? అన్ని క్లాసుల (ఫైటర్, విజార్డ్ లాంటి పాత్ర రకాల) శక్తులనూ ఒకే మూసలో పోసింది. పోరాటం బయట పనికొచ్చే మంత్రాలను చాలావరకు సమయం, డబ్బు ఖర్చయ్యే రిచువల్స్‌గా మార్చింది. అంటే విజార్డ్‌ను కుదించి సమానం చేసిందే తప్ప ఫైటర్‌కు కొత్త హక్కులు ఇవ్వలేదు. కుదింపును జనం తిరస్కరించినంత మాత్రాన సమానత్వాన్నే తిరస్కరించినట్టు కాదు.

ఫైటర్ మొదటి నుంచీ ఇంత నిరుపేద కాడు. ఈ వాదనలో ఎవరూ తలవని సంగతి ఇదే. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ఈ ఆటను తెచ్చినప్పుడు దాని వేళ్లు సైన్యాలను బొమ్మలతో నడిపే యుద్ధక్రీడల్లో ఉన్నాయి. అంతకు ముందు 1971లో వచ్చిన చైన్‌మెయిల్ అనే యుద్ధక్రీడ నియమాల్లో హీరో నలుగురి పెట్టు, సూపర్‌హీరో ఎనిమిదిమంది పెట్టు. లెవెల్ అనే భావనకు ఒక మూలం ఈ తలల లెక్కలోనే ఉంది. తర్వాతి అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాల్లో ఫైటర్ తొమ్మిదో లెవెల్‌కు చేరితే లార్డ్ అవుతాడు. కోట కట్టుకుని చుట్టుపక్కల నేలను స్వాధీనంలో ఉంచుకుంటే అతడి కొలువులో చేరడానికి సైనికులు తామే వస్తారు, తన ఏలుబడిలోని ప్రతి మనిషి మీదా నెలకు 7 వెండి నాణేల రాబడి వస్తుంది. పైగా ఆ రోజుల్లో క్లాసుకొక అనుభవ పట్టిక ఉండేది: రెండో లెవెల్‌కు చేరాలంటే దొంగ 1,250, ఫైటర్ 2,000, మంత్రగాడు 2,500 పాయింట్లు దాటాలి. నాలుగు ముఖాల పాచిక ఒక్కటి వేసి వచ్చినంత ప్రాణంతో, రోజుకు ఒకే ఒక్క మంత్రంతో మొదలయ్యే మంత్రగాడు ఆ మెట్టు వరకు బతికి రావడమే గొప్ప. అంత కష్టపడ్డాక అతడికి దక్కేది మాయాశక్తి, ఫైటర్‌కు దక్కేది రాజ్యం. ఇద్దరికీ లోకాన్ని మార్చే అధికారం ఉండేది, దారులే వేరు.

2000లో మూడో ఎడిషన్ వచ్చి అనుభవ పట్టికలను ఒక్కటి చేసింది, అనుచరులను ఎవరైనా తీసుకోగల ఒక ఫీట్‌గా (అదనపు నైపుణ్యంగా) మార్చింది. మంత్రగాడి మీద ఉన్న భారాలు ఒక్కొక్కటే తొలగిపోయాయి; ఫైటర్ చేతిలోని కోట కూడా పోయింది; ఆ నష్టానికి పరిహారం మాత్రం ఎవరూ కట్టివ్వలేదు. 2024 నియమాల్లో బాస్టియన్ పేరుతో కోట తిరిగి వచ్చిందని కొందరు సంతోషించారు కానీ, అది ఐదో లెవెల్‌లో అన్ని క్లాసులకూ దక్కుతుంది. ఎగిరే మంత్రం ఉన్నవాడికీ లేనివాడికీ సమానంగా పంచిన ఆస్తి ఆ ఇద్దరి మధ్య ఉన్న అంతరాన్ని ఎలా తీరుస్తుంది?

సామర్థ్యం వేరు, అధికారం వేరు అన్న ఎరుక మన భారత కథలో ఎంత లోతుగా ఉందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఉద్యోగపర్వంలో భీష్ముడు రథులు, అతిరథులు అంటూ వీరులను లెక్కగట్టి, కర్ణుడి దగ్గరికి వచ్చేసరికి అర్ధరథుడని తేల్చేస్తాడు. ఆ ఒక్క లెక్కతో కర్ణుడు అలిగి, భీష్ముడు పడేదాకా పది రోజులు యుద్ధానికి దూరంగా ఉండిపోయాడు. ఆదిపర్వంలోని అస్త్రవిద్యా ప్రదర్శన ఇంకా సూటిగా ఉంటుంది. అర్జునుడు చూపిన విద్యలన్నీ చేసి చూపించినా, కృపాచార్యుడు వంశమేదని అడగ్గానే కర్ణుడు తల వంచుకోవలసి వచ్చింది. దుర్యోధనుడు ఆ క్షణంలో అతడికి మరో దివ్యాస్త్రం ఇవ్వలేదు, అంగరాజ్యం ఇచ్చాడు. విల్లు పట్టినవాడికి కొరత ఎక్కడుందో దుర్యోధనుడు గ్రహించినంతగా ఈ ఆట రూపకర్తలు పాతికేళ్లుగా గ్రహించలేకపోయారు.

కొత్త నియమాల్లో రెండో లెవెల్ ఫైటర్‌కు ఇచ్చిన టాక్టికల్ మైండ్ నాకు కొంత నమ్మకం కలిగిస్తోంది. తప్పిన ఎబిలిటీ చెక్‌కు (ఒక పని నెగ్గిందో లేదో తేల్చే పాచిక వేటుకు) పది ముఖాల పాచిక కలిపి మళ్లీ నెగ్గే వీలు అది కల్పిస్తుంది. పోరాటం బయట ఫైటర్‌కు ఏదో ఒకటి కావాలని ఎవరో ఒకరికి తోచిందన్నమాట. కానీ అది కూడా పాచికే, ఆపైన మాట డంజన్ మాస్టర్‌దే. రాబోయే ఎడిషన్‌లో ఫైటర్ పట్టికలోని తొమ్మిదో వరుసలో నేల, రాబడి, పిలిస్తే వచ్చే సైనికులు, రాజసభలో పాచిక వేయకుండా మాట్లాడే హక్కు అచ్చులో ఉండాలి. నది అవతలి కోట ఎదురైనప్పుడు, విజార్డ్ మంత్రం పేరు చెప్పినంత నిశ్చింతగా, ఆ మిత్రుడు కూడా “నా సైన్యానికి కబురు పంపుతున్నాను” అనగలగాలి.