బొమ్మల కంటే ఆ పేర్లే ముఖ్యం
స్కాట్లాండ్ మంత్రగత్తెల విచారణ రికార్డుల మీద ప్రింట్లు చేసేవాళ్లు ఆ కాలపు వుడ్‌కట్ (చెక్క మీద చెక్కి అచ్చువేసిన) బొమ్మలను మళ్లీ చెక్కడమే నింద పడ్డ ఆ ఆడవాళ్లకు నివాళి అని ఒక వ్యాసంలో రాశారు. నేను అస్సలు ఒప్పుకోను. ఆ బొమ్మలు నింద వేసినవాళ్ల వైపు నుంచి వచ్చినవి. స్కాట్లాండ్‌లోని నార్త్ బెర్విక్ ఊరి మంత్రగత్తె కేసుల గురించి 1591లో లండన్‌లో అచ్చయిన కరపత్రంలో దయ్యం ప్రసంగిస్తుంటే ఆడవాళ్లు కూర్చుని వింటున్న బొమ్మ ఉంది. చదువు రానివాళ్లలోకి కూడా భయాన్ని ఎక్కించేవి ఇలాంటి బొమ్మలే. దాన్నే ఇప్పుడు మంచి కాగితం మీద వేస్తే నివాళి ఎలా అవుతుంది? రికార్డుల్లో అంతకంటే విలువైనవి ఉన్నాయి. ఎడిన్‌బరో యూనివర్సిటీ 2003లో పూర్తిచేసిన డేటాబేస్‌లో 3,212 మంది నిందితుల పేర్లున్నాయి. ఇంకో 625 నమోదులకు పేరే లేదు. పుస్తకం చేస్తే వాటికి ఇంకు పూయకుండా ప్రెస్‌లో నొక్కిన తెల్ల పేజీలు పెట్టొచ్చు, వేలితో తడిమితేనే తెలిసేలా. నేను హైదరాబాద్‌లో లినోకట్ (లినోలియం షీటు మీద చెక్కి అచ్చువేయడం) నేర్పుతాను. పేరును తిరగేసి చెక్కాలి కాబట్టి ఒక్కో అక్షరం దగ్గర ఆగక తప్పదు, ఆ మనిషి గురించి ఆలోచించక తప్పదు. మన దగ్గరా అంతే. మెదక్ వైపు బాణామతి నెపంతో మనుషుల పళ్లు పీకిన వార్తలకు కూడా పుర్రె, నిమ్మకాయల బొమ్మే వేస్తారు. ఆ క్లిప్పింగులతో పుస్తకం చేస్తామని వచ్చే పిల్లలకు ముందు ఆ బొమ్మలు పక్కన పెట్టమనే చెబుతున్నాను.