రమ్మీ యాప్‌లు పందేన్ని తెచ్చాయి, ఆటను వదిలేశాయి

ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆ పని చేశాయి కాబట్టి మనకిది కొత్త కాదు. చర్చంతా నైపుణ్యమా, అదృష్టమా అన్న పాత ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. నాకు అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకోటుంది: ఈ యాప్‌లు ఇన్నేళ్లూ అసలు రమ్మీ ఆడించాయా? లేదనే అంటాను.

కంపెనీలు కవచంలా వాడుకున్నది 1968 తీర్పుగా అందరూ చెప్పుకునే సుప్రీంకోర్టు తీర్పును. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో ఆడిన రమ్మీ మీద నడిచిన కేసు అది. మూడుముక్కలాటలా ఇది ఉత్త అదృష్టం కాదు, పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, అందుకే ఇది ప్రధానంగా నైపుణ్యమున్న ఆట అని కోర్టు చెప్పింది. మరి యాప్‌లో ఏం జరిగింది? పడిన ముక్కలన్నీ వరసగా చూపించే బటన్ చాలా యాప్‌లలో పెట్టారు. చేతిలోని పదమూడు ముక్కల్ని సర్దిపెట్టడానికి ఇంకో బటన్. కోర్టు ఏ జ్ఞాపకశక్తిని చూసి రమ్మీని నైపుణ్యం అందో, ఆ పని ఫోనే చేసిపెట్టింది. అయినా కోర్టుల్లో చూపించింది ఆ తీర్పునే!

అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. పందెం ఆట మీద క్లబ్బు యజమాని లాభం తీసుకుంటున్నట్టు సాక్ష్యం ఉంటే అది నేరం కిందికి రావచ్చని. ప్రతి ఆటలోంచి కమీషన్ పట్టుకోవడమే యాప్‌ల వ్యాపారంగా ఉండేది కదా.

ఆ కమీషనే ఆట రూపాన్ని మార్చేసింది. బల్ల దగ్గర పూల్ రమ్మీ ఆడినవాళ్లకు నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. పూల్ అంటే ఒకే జట్టు వరసగా ఆటలాడుతూ, ఓడిన పాయింట్లు కూడుకుంటూ పోవడం; 101 పూల్‌లో స్కోరు 101కి చేరినవాళ్లు అవుట్. అందులో 85 దగ్గరున్న మనిషికి 20కి ప్యాక్ చేసే, అంటే 20 పాయింట్లు తీసుకుని ఆ ఆట మొదట్లోనే వదిలేసే దారి లేదు. చెత్త ముక్కలొచ్చినా ఆడి తీరాలి. ఆ సంగతి మిగతావాళ్లకూ తెలుసు, వాళ్ల ఆట దాన్ని బట్టి మారుతుంది. ఇస్పేటు ఎనిమిది ఎందుకు కొట్టాడు, నా చేతిలోని తొమ్మిదిని బయటికి లాగడానికా? మొదట్లోనే ప్యాక్ చేసే మనిషెవరు, నేచురల్ (జోకర్ లేని వరస) పడకపోయినా ఫుల్ కౌంట్ (ఒక ఆటలో పడే గరిష్ఠ పాయింట్లు) దాకా లాగే మనిషెవరు? ఇదంతా ఒకే మనుషులతో, ఎక్కువసేపు ఆడితేనే తెలుస్తుంది. యాప్‌లు ముందుకు తోసింది ఒక్క ఆటతో తేలిపోయే పాయింట్స్ రమ్మీని. ఎదుట ఎవరున్నారో తెలియదు, పైగా టైమర్ టెన్షన్. ఆట ఎంత త్వరగా ముగిస్తే కమీషన్ అంత ఎక్కువసార్లు వస్తుంది.

నిషేధంతో ఉద్యోగాలు పోతాయని, ఆటగాళ్లు విదేశీ సైట్లకు వెళ్లిపోతారని కంపెనీలు అంటున్నాయి. రెండోది నిజమైన భయమే, ఆ సైట్లను ప్రభుత్వం గట్టిగా అడ్డుకోవాలి. కానీ పందెం లేకపోతే ఎవరూ ఆడరన్న మాట నేను ఒప్పుకోను. 2016లో వచ్చిన లూడో కింగ్‌ను 2020 లాక్‌డౌన్‌లో ఇంటిల్లిపాదీ ఆడింది డబ్బు కోసం కాదు.

కొత్త చట్టం పందెం లేని సోషల్ గేమ్స్‌ను ప్రోత్సహిస్తామంటోంది. అయితే ఇప్పుడు మంచి రమ్మీ చేయండి. హైదరాబాద్‌లో ఒకరు, డల్లాస్‌లో ఇద్దరు, మిగతావాళ్లు గుంటూరులో ఉన్నా, అదే జట్టు నెలల తరబడి స్కోరు నడుపుకునేలా ఉండాలి. వీలు దొరికినప్పుడు ముక్క వేసేలా ఉండాలి. అసెన్షన్ అనే కార్డు గేమ్ 2011లోనే ఐఫోన్‌లో ఆ సదుపాయం ఇచ్చింది. పడిన ముక్కలు చూపించే బటన్ మాత్రం తీసేయాలి.

నా అసలు బాధ రమ్మీ ఒక్కదాని గురించే కాదు. మన ఆటల్లో పెట్టుబడి వచ్చింది పందెం ఆడే వీలున్న ఆటకే. పులి–మేక, దాడి, అష్టాచెమ్మాలో వ్యూహం తక్కువా? వాటికి ఎవరూ ఇంత శ్రద్ధ పెట్టలేదు. తెలంగాణ 2016లోనే యానిమేషన్, గేమింగ్ కోసం ఇమేజ్ పాలసీ తెచ్చింది. అలాంటి ప్రోత్సాహకాల్లో కొంత భాగం ఈ ఆటలకు, పందెం లేని పూల్ రమ్మీకి విడిగా కేటాయించమని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడుగుతున్నాను.