సవరణ: రూఫ్ మీద 75 కిలోల లెక్క

లంబసింగి క్యాంపింగ్‌కు ఎస్‌యూవీలో సామాను సర్దడం గురించిన పోస్టులో ‘రూఫ్ క్యారియర్ మీద 75 కిలోల దాకా పెట్టొచ్చు’ అని ఉంది. దయచేసి ఆ వాక్యాన్ని పక్కన పెట్టండి. అన్ని బండ్లకూ ఒకే అంకె ఉండదు, మీ బండి మాన్యువల్‌లో ఎంత రాసి ఉంటే అంతే. ఆ పరిమితిలో క్యారియర్ బరువు, దాని మీద బిగించే పెట్టె బరువు కూడా కలిసే ఉంటాయి. పరిమితి 75 అయి, ఆ రెండూ కలిపి 30 కిలోలు తూగితే సామానుకు మిగిలేది 45 మాత్రమే.

‘మరి బండి పైన బిగించే రూఫ్ టెంట్‌లో ఇద్దరు పడుకుంటారు కదా, ఆ బరువు పరిమితి దాటదా?’ అని కొందరు అడిగారు. మాన్యువల్‌లో సాధారణంగా ఇచ్చేది బండి నడుస్తున్నప్పటి పరిమితి. ఆగి ఉన్న బండి రూఫ్ అంతకంటే బాగా ఎక్కువే మోస్తుంది. బ్రేకులు, గుంతలు, మలుపుల దెబ్బ అప్పుడు ఉండదు మరి.

ఘాట్ రోడ్డులో పైబరువు పెరిగేకొద్దీ బండి ఒరిగిపోయే ప్రమాదం పెరుగుతుంది. పిల్లలతో వెళ్లేవాళ్లు ఈ మాట అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. స్లీపింగ్ బ్యాగులు, పరుపుల్లాంటి చోటు తినే తేలిక సామానే పైకి ఎక్కించండి. నీళ్ల క్యాన్లు, ఐస్ బాక్స్ డిక్కీలో అడుగున, వెనక సీటుకు ఆనించి పెట్టి కట్టేయండి. బయలుదేరిన కాసేపటికే ఆగి, పైన కట్టిన పట్టీలు వదులయ్యాయేమో చూసుకోండి.