హస్తవాసికి లెక్క ఉంది

గత నెల మన సంఘం జరిపిన ఆరోగ్య సదస్సులో, పక్షవాతంపై ప్రసంగం ముగిశాక, వెనుక వరుసలో ఒక పెద్దావిడ లేచి, "మెదడులోని రక్తపు గడ్డను తీసే డాక్టరుగారు అలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తూ ఉండాలండీ?" అని అడిగారు. వేదిక మీది నిర్వాహకులు, "అమ్మా, డాక్టరుగారి హస్తవాసిని నమ్మాలి గాని లెక్కలు అడగకూడదు" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది, ఆవిడ కూర్చున్నారు, మైకు మరొకరి చేతికి వెళ్లిపోయింది. ఆ తరువాత ఎవరేమి మాట్లాడారో నాకు గుర్తులేదు. మూడేళ్ల క్రితం మా ఇంట్లో ఎవరికీ తోచని ప్రశ్న అది.

ఆ రోజు ఉదయం మా అత్తయ్యగారు బల్ల మీది కళ్లజోడు తీసుకోబోతే కుడిచేయి లేవలేదు, మాట ముద్దగా వచ్చింది. మేము మొదట ఆంబులెన్సును పిలవలేదు. తెలిసిన డాక్టరుగారికి ఫోను చేశాము. ఆయన ఎత్తకపోతే మరొకరికి చేశాము. అలా ఇరవై నిమిషాలు గడిచాయి. మనవాళ్లు ఒక్కమాట చెబితే కలిగే ధైర్యం కోసం మనందరం చేసే పనే ఇది, దాన్ని తూలనాడటానికి నాకు మనసు రాదు. అయినా, పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయన్న అంచనాను తరువాత చదివినప్పుడు, ఆ ఇరవై నిమిషాలను హెచ్చవేసి చూసుకోకుండా ఉండలేకపోయాను.

దగ్గరలోని ఆసుపత్రిలో స్కాను చూసిన డాక్టరమ్మ గడ్డ కరిగించే మందు మొదలుపెట్టి, "గడ్డను బయటకు తీయడం ఇక్కడ చాలా అరుదుగా చేస్తాము. తరచుగా చేసేవారి దగ్గరకు ఇప్పుడే పంపిస్తున్నాను" అన్నారు. మావారు ఇక్కడే చేయమని ప్రాధేయపడ్డారు. ఆమె ఒప్పుకోలేదు. రెండో ఆసుపత్రిలో బృందం తలుపు దగ్గరే సిద్ధంగా ఉంది. స్ట్రెచర్ నేరుగా, రక్తనాళాల్లోకి గొట్టం పంపి చికిత్స చేసే క్యాథ్ ల్యాబ్‌ గదిలోకి వెళ్లింది. పని ముగిశాక డాక్టరుగారు తన ఫోనులో ఒక ఫొటో చూపించారు. తెల్లటి గాజుగుడ్డ మీద ముదురెరుపు పోగు ఒకటి, చిటికెనవేలి గోరంత కూడా లేదు. మొదటి ప్రయత్నంలోనే వచ్చిందన్నారు. మర్నాడు అత్తయ్యగారు కుడిచేత్తో నా వేలు పట్టుకున్నారు.

గడ్డను ఇలా బయటకు తీసే చికిత్స విలువ, రోగులపై జరిపి 2015లో ఫలితాలు వెలువరించిన ఐదు పరిశోధనలతో స్థిరపడింది. 2018 నాటికి, స్కానులో ఇంకా కాపాడదగిన మెదడు భాగం కనిపించే కొందరికి 24 గంటల వరకూ చేయవచ్చని తేలింది. కానీ చికిత్స పేరు ఒకటే అయినంత మాత్రాన చేసే చేతులన్నీ ఒకటి కావు. గజ్జ దగ్గరో మణికట్టు దగ్గరో ధమనిలోకి సన్నని గొట్టాన్ని పంపి, వయసుతో మెలికలు పడిన నాళాల గుండా మెదడు దాకా చేర్చి, గడ్డను స్టెంట్ వలలో పట్టి లాగాలో, పీల్చి తీయాలో అక్కడికక్కడ తేల్చుకోవాలి. మళ్లీ మళ్లీ ప్రయత్నించిన కొద్దీ నాళం గోడ చిరిగే ప్రమాదం పెరుగుతుంది, గడ్డ ముక్క విరిగి మరో కొమ్మలోకి కొట్టుకుపోవచ్చు. ఎప్పుడు ఆపాలో తెలియడం కూడా పదేపదే చేసినవారికే అబ్బుతుంది. మనం హస్తవాసి అని పిలిచేదానిలో ఎక్కువ భాగం ఇదేనని నా నమ్మకం. అందుకే అమెరికాలో ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించి గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ అనే సంస్థ 2018లో ప్రారంభించిన థ్రాంబెక్టమీ (ఇలా గడ్డను బయటకు తీయడం) కేంద్రాల గుర్తింపులో ఏడాదికి కనీసం 15 ప్రక్రియలన్న కొలమానం వచ్చింది.

అనుభవమే సర్వస్వమని నేను అనడం లేదు. అనుభవం పెరిగితే నాళం తెరుచుకోవడంలోనూ పట్టే సమయంలోనూ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మూడు నెలల తరువాత రోగి నడుస్తారా లేదా అన్నదాన్ని మాత్రం వయసు, అప్పటికే చనిపోయిన మెదడు భాగం, పోయిన సమయం కలిసి నిర్ణయిస్తాయి. 2022లో వెలువడిన, స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతంలో జరిపిన పరిశోధనలో, పట్టణాలకు దూరంగా ఉన్న రోగులను నేరుగా పెద్ద కేంద్రానికి తీసుకువెళ్లినా, ముందు దగ్గరి ఆసుపత్రికి తీసుకువెళ్లినా 90 రోజుల ఫలితాల్లో చెప్పుకోదగిన తేడా రాలేదు. అయితే అక్కడి ఆసుపత్రులు ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడి పనిచేస్తాయి. కొత్త డాక్టర్లకూ అనుభవం రావాలి కదా అంటే రావాలి, ఆరితేరినవారు పక్కన నిలబడి ఉండగా రావాలి.

కాబట్టి ఆంబులెన్సు సిబ్బందితో దారి గురించి వాదించమని నేను ఎవరికీ చెప్పను. అడగవలసిన సమయం, ఇంట్లో అందరూ క్షేమంగా ఉన్న ఇలాంటి సదస్సు రోజే. మన చుట్టుపక్కల ఏ ఆసుపత్రుల్లో రాత్రీపగలూ ఈ ప్రక్రియ చేస్తారు, ఏడాదికి ఎన్ని చేస్తారు, చేయనివి ఎక్కడికి, ఎంతసేపట్లో పంపుతాయి అన్న వివరాలను మన సంఘం ఆరోగ్య విభాగం ఉత్తరాలు రాసి సేకరించాలని, ఈ పత్రికలోనే అచ్చువేయాలని కార్యవర్గాన్ని వేడుకుంటున్నాను. మా అత్తయ్యగారిని కాపాడినవారిలో, తాను అరుదుగా చేస్తానని మొహమాటం లేకుండా చెప్పిన ఆ డాక్టరమ్మను నేను ముందు తలచుకుంటాను. ఆ ప్రశ్న అడిగితే చిన్నబుచ్చుకునే మంచి డాక్టరును నేను ఇంతవరకూ చూడలేదు. వచ్చే సదస్సులో ఆ పెద్దావిడకు మొదటి మైకు ఇవ్వండి.