మావాడు ఏమీ చెయ్యడండీ

తెలుగులో అబద్ధాలకి పోటీ పెడితే ‘రేపు పొద్దున్నే ఇచ్చేస్తా’కి రెండో బహుమతి, ‘దారిలో ఉన్నా, ఐదు నిమిషాల్లో వచ్చేస్తా’కి మూడో బహుమతి వస్తాయి. మొదటి బహుమతి మాత్రం విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో ప్రతి ఆదివారం సాయంత్రం వినబడే ఒక వాక్యానిదే. ‘మావాడు ఏమీ చెయ్యడండీ.’

ఈ ‘మావాడు’ కన్నకొడుకు కాడు. కన్నకొడుకు గురించి ఏ తండ్రీ ఇంత గ్యారంటీ ఇవ్వడు. ఇక్కడ మావాడంటే నాలుగు కాళ్లు, ముప్పై కిలోల బరువు, నోట్లోంచి మూరెడు నాలుక, పేరు బ్రూనో.

ఈ మాట అనబోయే మనిషిని అరమైలు దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. ఆయన దగ్గర గొలుసు ఉంటుంది. లేదని ఎవరూ వేలెత్తి చూపలేరు. కాకపోతే అది ఆయన మెడలో ఉంటుంది. డాక్టరుగారి స్టెతస్కోపులా, పెళ్లిపెద్ద కండువాలా రెండువైపులా వేలాడుతూ ఉంటుంది. షాపులో దాన్ని తన ట్రాక్‌ప్యాంటు రంగుకి మ్యాచ్ అయ్యేలా ఎంచుకున్నప్పుడే అది ఎవరి కోసమో మనకి అర్థం కావాల్సింది.

గుర్రాలూ, వాటి మీద మనుషులూ తిరిగే చోట కుక్కలకి గొలుసు ఉండాలా వద్దా అనేది చాలా గంభీరమైన ప్రశ్న. పక్షపాతం లేకుండా ఇరువైపులా విని తీర్పు చెబుదామనే కూర్చున్నాను. కుక్కపక్షం వాదన పైన చెప్పేశాను, ఒక్క వాక్యమే. గుర్రంపక్షం వాదన నాకు దొరకలేదు. దాన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదట.

అడగకపోయినా చూస్తే తెలిసేది కొంత ఉంది. బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే గుర్రానికి నోట్లో కళ్లెం, వీపున జీను, పొట్ట కింద బిగించిన పట్టీ, కళ్లకి రెండు పక్కలా గంతలు, డెక్కలకి లాడాలు, కళ్లేనికి పగ్గం, ఆ పగ్గం చివర ఓ కుర్రాడు. ఇన్ని కట్టించుకుని కూడా అది గవర్నమెంటు ఉద్యోగి సంతకం పెట్టడానికి వచ్చినట్టు తలవంచుకుని వచ్చి, తలవంచుకుని పోతుంది. దాని పక్కనే ఒంటి మీద దారప్పోగు లేని బ్రూనో. పైగా బ్రూనోగారి నాన్నగారే గుర్రాన్ని చూసి నిట్టూరుస్తారు. ‘పాపం, మూగజీవాన్ని ఎలా కట్టేసి హింసిస్తున్నారో చూడండి.’ ఆయన పక్కింటాయన హస్కీని పెంచుతాడు. మంచులో బండ్లు లాగడానికి పుట్టిన జాతి. విశాఖ మే నెల ఉక్కలో, ఒళ్లంతా అంత బొచ్చుతో. దాన్ని చూసి మాత్రం ఎవరూ నిట్టూర్చరు, సెల్ఫీ దిగుతారు.

సరే, అసలు సంగతికి వస్తాను. మొన్న ఆదివారం సాయంత్రం, కురుసుర జలాంతర్గామికి కాస్త ఇవతల. నేను మురీ మిక్స్చర్ పొట్లం పట్టుకుని ఇసుకలో కూర్చున్నాను. బూడిదరంగు గుర్రం ఒకటి వస్తోంది. నుదుటి మీద ఎర్ర కుచ్చు. జీను మీద ఆరేళ్ల పాప, రెండు చేతులతో ముందున్న ఇనుప కమ్మీ గట్టిగా పట్టుకుని, నవ్వాలో ఏడవాలో ఇంకా తేల్చుకోలేదు. వాళ్లమ్మ వెనక్కి నడుస్తూ ఫోన్‌లో వీడియో తీస్తోంది. ‘చిన్నీ, ఇటు చూడమ్మా, నవ్వు, హాయ్ చెప్పు.’

బ్రూనో చూశాడు.

ముందు గుర్రం చెవి ఒకటి వెనక్కి తిరిగింది. తర్వాత రెండోది. ఈగ వాలినట్టు భుజం మీద చర్మం జలదరించింది. పగ్గం పట్టుకున్న కుర్రాడికి పందొమ్మిదేళ్లు ఉంటాయేమో, వెంటనే కనిపెట్టాడు. ‘సార్, కుక్కని పట్టుకోండి సార్, గుర్రం బెదిరిపోద్ది.’

సార్ నవ్వారు. బహుమతి పొందిన వాక్యం చెప్పారు.

అప్పటికి బ్రూనో బయల్దేరిపోయాడు. అప్పుడు మొదలయ్యాయి ఆజ్ఞలు. ‘బ్రూనో, నో! బ్రూనో, కమ్ హియర్! బ్రూనో, సిట్!’ వెళ్లకు, ఇటు రా, అక్కడే కూర్చో. ఈ మూడూ ఒక్క గుక్కలో ఇస్తే జిల్లా కలెక్టరు కూడా అమలు చెయ్యలేడు. ఇంకో విషయం గమనించండి. ఈయన భార్యతో తెలుగు మాట్లాడతాడు, కూరగాయలమ్మితో తెలుగు, దేవుడితో కూడా తెలుగే. కుక్క దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషు మీడియం. మన కుక్కలకి ఫీజు ఒక్కటే కట్టడం లేదు గానీ కాన్వెంటు చదువే.

ఇంగ్లీషుకి కుక్కలు లొంగుతాయనే నమ్మకం ఆ భాష పుట్టిన చోటే 2011లో పోయింది. లండన్ రిచ్‌మండ్ పార్కులో ఫెంటన్ అనే లాబ్రడార్ జింకల మంద వెంటపడితే, దాని యజమాని ఫెంటన్, ఫెంటన్ అని గొంతు చించుకుంటూ వెనకాల పరిగెత్తాడు. జింకలు రోడ్డు దాటేశాయి, ఫెంటన్ దాటేశాడు, ఆ వీడియో ప్రపంచాన్నే దాటేసింది. స్వచ్ఛమైన బ్రిటిష్ ఉచ్చారణకే దిక్కులేకపోతే మన విశాఖ ఎంవీపీ కాలనీ ఉచ్చారణకి బ్రూనో ఆగుతాడా?

ఇక్కడ గుర్రం తెలుగు మీడియం. ‘హో హో, ఆగరా నాన్నా, ఏం లేదురా’ అంటున్నాడు కుర్రాడు. పైన పాప ‘అమ్మా’ అంటోంది. అమ్మ వీడియో తీస్తూనే ఉంది. సార్‌కి టెన్షన్ పెరిగేకొద్దీ ఇంగ్లీషు కరిగిపోయి, చివరికి అసలు మాతృభాష బయటికొచ్చింది. ‘ఒరేయ్ రారా, ఓరి నీ దుంపతెగ!’ ఆ ఒక్క ముక్కకే బ్రూనో క్షణకాలం వెనక్కి తిరిగి చూశాడు. ఎవర్ని తిడుతున్నారా అని కాబోలు.

బ్రూనోకి పాపం ఏ దురుద్దేశమూ లేదు. గుర్రం ఎదురుగా ముందుకాళ్లు ఇసుకలో చాచి, తోక పైకెత్తి, ఆడుకుందాం రమ్మన్నాడు. గుర్రం రాలేదు. దాంతో చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, వెనక్కి వెళ్లి ఒక్కసారి మొరిగాడు.

గుర్రం పక్కకి దూకింది. కుర్రాడు పగ్గం వదల్లేదు. ఇరవై గజాలు ఈడ్చుకుపోయింది. పాప ఎక్కడ పడిందో నేను చూశాను. తడి ఇసుక కాబట్టి సరిపోయింది. రెండడుగులు ఇటు పడితే మెట్ల రాయి.

పాప చెయ్యి వాచిపోయింది. బ్రూనో దగ్గరికి వెళ్లి ఆమె బుగ్గ నాకాడు. ‘చూశారా,’ అన్నారు సార్, ‘నేను చెప్పలేదూ? ఏమీ చెయ్యడు.’

ఇది అక్షరాలా నిజం. అందుకే ఒళ్లు మండుతుంది. బ్రూనో కరవలేదు, గీరలేదు. చేసిందంతా గుర్రమే. కుక్కల్ని పెంచేవాళ్ల లెక్కలో ప్రమాదమంటే కాటు ఒక్కటే. పంటిగాటు లేకపోతే కేసు లేదు. గుర్రం లెక్క వేరు. దానికి కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు 350 డిగ్రీలు కనబడుతుంది. సరిగ్గా వెనకా, ముక్కు ఎదురుగా మాత్రం కనబడదు. గంతలు కడితే వెనకవైపు ఇంకా తగ్గిపోతుంది. తోడేళ్లు తరిమితే పరిగెత్తి బతికిన జాతి అది. వెనక మొరిగింది బ్రూనోనా, తోడేలా అని తీరిగ్గా విచారించిన గుర్రాలకి పిల్లలు పుట్టలేదు. పరిగెత్తినవాటికే పుట్టారు.

పెళ్లి ఊరేగింపులో బ్యాండుకీ, డీజేకీ, చెవి పక్కన టపాకాయలకీ బెదరని గుర్రాలు ఒక కుక్కకి బెదరడమేంటని సార్ అడిగారు. మంచి ప్రశ్నే. బ్యాండు మేళంవాడు గుర్రం వెనక కాళ్ల దగ్గరికి దూరి బాకా ఊదడు కదండీ. లండన్‌లో రాజుగారి కవాతు గుర్రాలు ఉన్నాయి. జనానికీ, మోతకీ, ట్రాఫిక్‌కీ ఏళ్ల తరబడి అలవాటు చేస్తారు. అలాంటివి కూడా 2024 ఏప్రిల్ 24న, పక్కన కట్టడం దగ్గర పైనుంచి శిథిలాలు పడ్డ చప్పుడుకి సైనికుల్ని పడేసి నగరం నడిబొడ్డున మైళ్ల కొద్దీ పరిగెత్తాయి. రౌండుకి వంద రూపాయలకి తిరిగే మన బూడిదరంగు గుర్రానికి అంతకంటే ఎక్కువ ట్రైనింగు ఎవరిచ్చారు?

జనం పోగయ్యారు. అందరూ కలిసి ఎవర్ని తిట్టారో మీకు తెలుసు. మోచేతుల దగ్గర చర్మం లేచిపోయి, ఇసుక అంటుకుని, ఇంకా పగ్గం పట్టుకునే నిలబడ్డ ఆ కుర్రాణ్ణి. ‘గుర్రాన్ని కంట్రోల్ చెయ్యడం రానివాడివి పిల్లల్నెందుకు ఎక్కిస్తావు?’ ఈ మాట అన్నది బ్రూనోగారి నాన్నగారు. ముప్పై కిలోల కుక్కని గొలుసు మెడలో వేసుకుని కూడా ఆపలేని మనిషి, మూడొందల కిలోల గుర్రాన్ని ఒంటిచేత్తో ఆపినవాడికి కంట్రోల్ గురించి పాఠం చెప్పాడు. పైగా సామెత. ‘రౌతు కొద్దీ గుర్రం అని ఊరికే అన్నారా?’ రౌతుకి ఆరేళ్లయ్యా! ఆమె అప్పుడు వాళ్లమ్మ భుజం మీద ఎక్కిళ్లు పెడుతోంది. సిగ్గుండాలి కదా మనిషికి. ఆ సాయంత్రం వసూలైన డబ్బంతా కుర్రాడు పాప వాళ్ల నాన్న చేతిలో పెట్టాడు, ఆస్పత్రి ఖర్చుకని. వంద నోట్లు, యాభైలు, నలిగినవి. ఆయన తీసుకున్నాడు. డ్యూటీలో ఉన్నాయన వచ్చి నాలుగు రోజులు గుర్రంతో ఇటు రావద్దన్నాడు. నాలుగు రోజులు ఆ గుర్రానికి దాణా ఎవడు పెడతాడు? బ్రూనోకి ఎవరూ ఏమీ చెప్పలేదు. బ్రూనోకి నా మురీ మిక్స్చర్ దొరికింది.

నేనూ అక్కడే ఉన్నాను. లేచి గట్టిగా ఒక్క మాట అనలేదు. ‘అంత తప్పు అతనిది కాదేమోనండీ’ అని నసిగాను. రాత్రంతా ఆ ‘ఏమో’ నన్ను పొడుస్తూనే ఉంది.

చట్టం లేదా అంటే ఉంది. తన అధీనంలోని జంతువు వల్ల మనిషి ప్రాణానికి ముప్పో, తీవ్రమైన గాయమో కలగకుండా జాగ్రత్త పడనివాడికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీలో ఈ జరిమానా 1000 రూపాయలే. 2024 జూలై నుంచి ఐదింతలు చేశారు. అయినా బ్రూనో తినే విదేశీ మేత బస్తా ఖరీదుకి కాస్త అటూ ఇటూ. ఇంగ్లండ్‌లో ఉన్న మా తోడల్లుడి కూతురికి ఫోన్ చేస్తే, అక్కడి రోడ్డు నియమావళిలో 56వ నంబరు చూడమంది. సైకిళ్లవాళ్లతోనో గుర్రపు రౌతులతోనో పంచుకునే దారిలో కుక్కని పొట్టి గొలుసుతో పట్టుకోమని అందులో రాసి ఉంది. పొట్టి గొలుసుతో అని కూడా రాశారు. ఎందుకంటే అక్కడా మెడలో వేసుకునేవాళ్లు ఉంటారు.

‘మరి వీధికుక్కల మాటేంటి, వాటికెవరు కడతారు గొలుసు?’ అని మీరు అడుగుతారని తెలుసు. సార్ కూడా అడిగారు. వీధికుక్కలతో వేరే బాధలున్నాయి, వాటికి వేరే వ్యాసం కావాలి. కానీ ఆ బీచ్‌లోనే పుట్టి పెరిగిన గోధుమరంగు కుక్క ఒకటి ఉంది. ఆ గుర్రాల నీడలోనే పడుకుంటుంది. గుర్రం కదిలితే లేచి, వెనక కాలు అందనంత దూరం లెక్కగా జరిగి, మళ్లీ పడుకుంటుంది. లాడం కొట్టిన డెక్క తగిలితే దవడ ఏమవుతుందో దానికి తెలుసు. ఏసీ గదిలో పెరిగిన బ్రూనోకి తెలీదు. తెలుసుకునే రోజున ఈ సారే మళ్లీ ఆ కుర్రాడి కాలర్ పట్టుకుంటారు, కుక్క వైద్యం బిల్లు కోసం.

కొందరు ధర్మరాజుని కూడా లాక్కొచ్చారు. స్వర్గం దాకా కుక్కని తీసుకెళ్లాడు కదా, గొలుసు కట్టాడా అని. కట్టలేదు. ఆ దారిలో గుర్రం మీద ఆరేళ్ల పిల్ల కూడా ఎదురు రాలేదు.

నిన్న ఆదివారం మళ్లీ వెళ్లాను. గుర్రాలు రెండే ఉన్నాయి, బూడిదరంగుది లేదు. సార్ ఎదురొచ్చారు, గొలుసు మెడలోనే ఉంది. ‘గుడీవినింగ్ మాస్టారూ’ అని అట్టకి క్లిప్పు పెట్టిన కాగితాలు నా ముందు పెట్టారు. బీచ్‌లో గుర్రాల వల్ల చిన్నపిల్లలకి ప్రమాదంగా ఉందనీ, వాటిని పూర్తిగా నిషేధించాలనీ పిటిషన్. అప్పటికే ఇరవై రెండు సంతకాలు. ‘మీరు ఆరోజు కళ్లారా చూశారు కదా, మీరు పెడితే వెయిటుంటుంది’ అన్నారు.

పెన్ను తీసుకున్నాను. పేరు అన్నచోట బ్రూనో అనీ, చిరునామా అన్నచోట సార్ ఇంటి అడ్రసూ గుండ్రంగా రాసి ఇచ్చాను. ఆయన చూసుకోలేదు. థ్యాంక్సండీ అని, మావాడు ఎటు పోయాడబ్బా అని వెతుక్కుంటూ గుర్రాల వైపు వెళ్లారు.